హక్కు అనే మాటకు నేను చెప్పిన అర్థం

పోయిన వారం రేషన్ కార్డు పని మీద పంచాయితీ ఆఫీసుకు వెళ్ళి బెంచీ మీద కూర్చుని ఉంటే, ఎదురుగా గోడకు పిల్లల గ్రామసభ నోటీసు అంటించి ఉంది. రంగురంగుల అక్షరాల కన్నడ నోటీసు, మాది కర్ణాటకలో తెలుగు మాట్లాడే ఊరు. కొత్తగా వచ్చిన అధికారి, నా మనవడి వయసువాడు, నేను ఒకప్పుడు ఇక్కడి గ్రంథాలయం చూసుకున్నవాణ్ణని ఎవరో చెప్పగా, ఈ ఊళ్ళో మొదటి పిల్లల సభ ఎట్లా జరిగిందని మర్యాదగా అడిగాడు. బాగా జరిగిందప్పా అన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. పత్రిక చేతికి తీసుకుంటే చదివిన వాక్యమే మళ్ళీ చదువుతున్నాను, లేచి వాకిట్లోకి పోతున్నాను, ఎందుకు వచ్చానో తెలియక లోపలికి వస్తున్నాను. ఆ సభ బాగా జరగలేదు. జరిగిందని అందరూ చప్పట్లు కొట్టారు, తీర్మానాల పుస్తకంలోనూ అట్లాగే రాసుకున్నారు. అందులో రాయనిది ఒకటి ఉంది. అది తెలిసినవాడిగా, తప్పు చేసినవాడిగా, రాసిపెట్టే బాధ్యత నాదే.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. తక్కిన చదువంతా గ్రంథాలయాల్లో చదివిందే. చిన్నప్పుడు మా నాయన టమాటాలు వేసుకుని చింతామణి మార్కెట్టుకు పోతే నేనూ వెంట పోయి, సరుకు అమ్ముడుపోయేదాకా పట్టణ గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. తెలుగు నిఘంటువు ఒక బీరువాలో, కన్నడ నిఘంటువు ఇంకో బీరువాలో ఉండేవి. ఒకే మాట రెండింట్లోనూ దొరికితే బంధువు కనబడినంత సంతోషంగా ఉండేది. తర్వాత బట్లహళ్ళి దగ్గర మా ఊరి పంచాయితీ గ్రంథాలయంలోనే పని దొరికింది. పేరుకు మేల్విచారకుణ్ణి, అంటే పర్యవేక్షకుణ్ణి. చేసేది తలుపు తీయడం, పత్రికలు పరచడం, పుస్తకాలు ఇవ్వడం, మళ్ళీ తలుపు వేయడం. అయినా ఊళ్ళో ఏ నోటీసుకు అర్థం కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. అందులో నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెమని ఇప్పుడంటున్నాను.

ఆ మొదటి సభ జరిగిన ఏడు మా ప్రాథమిక పాఠశాల ముఖ్యోపాధ్యాయినికి తాలూకా నుంచి ఉత్తరువు వచ్చింది, పిల్లలకు వాళ్ళ హక్కులు నేర్పి, ఆపైన పంచాయితీవాళ్ళ ఎదుట సభ పెట్టించాలని. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఆమె నల్లబల్ల మీద ‘మక్కళ హక్కు’ అని రాసి చదివించగా, ఒకటో తరగతి పిల్ల ఒకతె దాన్ని ‘హక్కి’, అంటే కన్నడంలో పక్షి, అని విని, పిల్లలకిచ్చే పక్షి ఏ రంగులో ఉంటుందని అడిగిందట. ఆమె నవ్వుతూ వచ్చి, మీరే తెలుగులో విడమరచి చెప్పండని నన్ను పిలుచుకుపోయింది. పిల్లల హక్కుల చిన్న పుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది, రెండుసార్లు అట్ట నుంచి అట్టదాకా చదివాను. కాని ఆ రోజు పుస్తకంలోని ఉదాహరణ నాకు సరిపోలేదు, నా సొంత తెలివితో ఇంకా బాగా చెప్పాలనిపించింది. మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో హక్కుపత్రం ఉంటుంది కదా, అది ఉన్నవాణ్ణి చేనులోంచి ఎవరూ వెళ్ళగొట్టలేరు, అట్లాగే మీ అందరి పేరుతోనూ సర్కారు ఒక హక్కుపత్రం రాసిపెట్టింది అని చెప్పాను. పిల్లల కళ్ళు పెద్దవయ్యాయి. నాకు తృప్తిగా ఉండింది.

మా అన్న కూతురు అప్పుడు ఐదో తరగతి. గ్రంథాలయంలో ఆ పిల్ల చదవని బొమ్మల పుస్తకం లేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి, నాకు గూడా హక్కుపత్రం ఉండాదంట, చిన్నాయన చెప్పినాడు అని వాళ్ళ నాయనతో అనేసింది. మా అన్నకూ నాకూ నాయన చేను పంచుకునే విషయం ఇంకా తేలలేదు, కాగితాలు తాలూకా ఆఫీసులో ఉన్నాయి, మా ఇద్దరి మధ్య మాటలు కూడా అవసరానికే. మరునాడు పొద్దున అన్న గ్రంథాలయం గడప దగ్గరికి వచ్చి, చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

“ఏమప్పా పుస్తకాలాయప్పా, నా బిడ్డకు హక్కుపత్రం రాయించినావంట. యాడ రాయించినావు, నీ భాగంలోనా, నా భాగంలోనా?”

పత్రిక చదువుకుంటున్న ముసలాయన ఒకాయన తల ఎత్తకుండానే, “వాని భాగంలో రాసేంత మంచోడా వాడు” అన్నాడు. నేను గబగబా చిన్న పుస్తకం తీసి, ఇది చదువు, ఆట, ఆరోగ్యం గురించి అని చూపబోయాను. అన్న దాన్ని ముట్టుకోలేదు. “అందులో సర్వే నెంబరు ఏమన్నా ఉండాదేమో చూడు” అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

ముఖ్యోపాధ్యాయిని ఇంటికి పోతే వదిన కాఫీ ఇచ్చి, పట్టుపురుగు పండింది మేడం, ఏరేదానికి చిన్న చేతులు కావల్ల, నాలుగు దినాలు పోనీండి అందట. పండిన పురుగులను ఏరి, గూడు కట్టుకునేందుకు చంద్రికెలనే వెదురు తట్టల మీద వేసే ఆ నాలుగు రోజులూ మా వైపు చాలా ఇళ్ళలో పిల్లలు బడికి రారు, అది కొత్త కాదు. కాని నాలుగు రోజులైనాయి, పది అయినాయి, పిల్ల రాలేదు. ఐదో తరగతి పూర్తికాకుండానే దాని చదువు నా ఉదాహరణ వల్ల ఆగిపోతుందని నాకు అన్నం సహించలేదు. రోజుకు రెండుసార్లు బడి ముందునుంచి పోయి మొదటి బెంచీ వైపు చూసి వచ్చేవాణ్ణి. బడిలో వంట చేసే అమ్మ అది గమనించి, నన్ను పిలిచి నిలదీసింది.

“నువ్వు ఆ మాటను తీసుకపోయి చేనుకు కట్టినావప్పా. బడిలో అన్నం పెట్టేది మీ హక్కు అని చెప్పింటే ఎవురికి కోపమొస్తాది? అన్నం ముందర పెట్టుకోని చేనుకాడికి ఎందుకు పోతివి?”

అంత చదివిన నాకు ఆ సంగతి తోచలేదు.

సభకు వారం ఉందనగా ఐదో తరగతి పిల్లలంతా గ్రంథాలయానికి వచ్చి, ఆ పిల్ల సంగతి మేము సభలో అడుగుతామన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పురుగు పండిన రోజుల్లో కూడా సాయంత్రం గంట కొట్టేదాకా ఏ బిడ్డనూ బడి మాన్పించరాదని నేనే మంచి కన్నడంలో రాసిచ్చాను, మూడుసార్లు దిద్దాను. అన్న ఇల్లు అక్కడికి రెండు వీధుల దూరం.

సభ బడి వరండాలో జరిగింది. అన్న వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, చేను మాట ఎక్కడ వస్తుందోనని. పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ కావాలనీ, కొళాయి పిల్లలకు అందేంత కిందికి పెట్టాలనీ అడిగారు. చివర ఒక పిల్ల నా కాగితం చదివింది. అన్న గొంతు సవరించుకున్నాడు.

“చేను సంగతి ఇంకా చదివేది ఉండాదా?”

అట్లాంటిది ఏమీ లేదప్పా అన్నాడు పంచాయితీ అధ్యక్షుడు.

“ఇంతేనా. దీనికి పంచాయితీ ఎందుకు, నన్నడిగింటే అయిపోయేది గదా. రేపట్నుంచి పంపిస్తాను పో.”

అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. మరునాడు ఆ పిల్ల రెండు జడలు వేసుకుని మొదటి బెంచీలో కూర్చుంది. వంటమ్మ దానికి ఇంకో గరిటె సాంబారు ఎక్కువ పోసింది. నేను గెలిచాననుకున్నాను.

కొన్ని రోజులకు అది పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు, సంతోషమేనా అమ్మా అని, మెచ్చుకుంటుందనే ఆశతోనే అడిగాను. అది పుస్తకాన్ని బల్లమీద పెట్టి, అంచు సరిచేసి, మెల్లగా చెప్పింది.

“పురుగు ఏరేది నాకేం కష్టం కాదు చిన్నాయనా. నేను సభకొచ్చింటే అది అడిగేదాన్నే కాదు. ఆరో తరగతి మన ఊర్లోనే పెట్టమని అడుగుతాంటి. బట్లహళ్ళికి నాయన పంపించడు.”

మా బడి ఐదుతో ఆగిపోతుంది. పిల్లల సంగతి తేల్చేముందు పిల్లలను అడగాలని ఆ చిన్న పుస్తకంలోనే ఉంది, నేను రెండుసార్లు చదివాను. దాని సంగతి మేమంతా మాట్లాడాం, మంచి కన్నడంలో రాశాం, దాన్ని మాత్రం ఎవరమూ అడగలేదు. ఆ వారమే తాలూకాకు అర్జీ రాశాను, జవాబు రాలేదు. అన్న దగ్గరికి పోయి, బట్లహళ్ళికైనా పంపించమని బతిమాలాను. అన్న కోపంగా కూడా లేడు. “ఒకటి అడిగినారు, పదిమందిలో ఇచ్చినాను. ఇప్పుడు ఇంకోటా?” అన్నాడు. ఆయన దగ్గర ఉన్న ఒక్క ఒప్పుకోలునూ, ఆ పిల్లకు అక్కరలేనిదాని కోసం మేము ఖర్చు పెట్టేశాం. జూన్‌లో దాని ఈడు మగపిల్లలు బట్లహళ్ళికి పోయారు. అది పోలేదు.

ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు సైకిళ్ళ మీద, బస్సుల్లో బట్లహళ్ళికి పోతున్నారు. సభలో మైకు ఉంటుంది, ఫోన్లలో ఫోటోలు తీస్తారు. హక్కు అనే మాట విని ఏ తండ్రీ చెప్పులు విడవకుండా వచ్చి గడపలో నిలబడడు. అంత సులువుగా పలుకుతున్నారు దాన్ని. సంతోషించాల్సిందే, సంతోషిస్తూనే ఉన్నాను. అయినా పిల్లలు నదురుబెదురు లేకుండా చదివే ఆ కాగితాలను విన్నప్పుడల్లా, ఇది రాసిందెవరు, రాసేముందు వీళ్ళను ఎవరైనా అడిగారా అని లోపల ఒకటే పీకుతూ ఉంటుంది. ఆ రోజుల్లో మాకు ఆ మాట బరువు తెలిసింది కాని వాడడం తెలియలేదు.

ఇది రాయడానికి తోడ్పడినవాళ్ళను పేరుపేరునా తలచుకోవాలి. నన్ను నమ్మి తరగతిలోకి పిలిచిన ముఖ్యోపాధ్యాయిని పద్మావతమ్మ గారికి, నా తప్పు నాకు అన్నంతో చెప్పిన వంటమ్మ లక్ష్మీదేవమ్మకు, ఆనాటి రోజులు గుర్తుచేసిన వదిన నంజమ్మకు, భయపడైనా సరే సభకు వచ్చి చివరిదాకా విన్న మా అన్న వెంకటరామప్పకు నా నమస్కారాలు. అన్న కూతురు మంజుల ఇప్పుడు మండికల్ దగ్గర ఆవులతో, మల్బరీ తోటతో సంసారం చేసుకుంటోంది. ఈ కాగితాలు బయట పెట్టేముందు ఫోన్ చేసి, నీ సంగతి రాశానమ్మా, ఉంచేదా, చింపేదా అని అడిగాను. అటువైపు ఆవు గంట మోగుతోంది. “ఉండనీ చిన్నాయనా. నాయనను మాత్రం చెడ్డోడిగా రాసింటే, అది తీసేయి” అంది. మొదటినుంచి మళ్ళీ చదివి, రెండు వాక్యాలు కొట్టివేశాను.