అడగకుండా విప్పిన కప్పు

ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ ఊళ్ళో మనిషి అలికిడి ఉండేది కాదు. పొద్దున్నే కూలికీ, కట్టెలకూ, బర్రెల వెంటా వెళ్ళినవాళ్ళు పొద్దు వాలితేగాని తిరిగి వచ్చేవారు కాదు. ఇళ్ళల్లో మిగిలేది ముసలివాళ్ళు, బాలింతలు, కట్టేసిన దూడలు. నేను అప్పట్లో హైదరాబాదులో అచ్చయ్యే ఒక దినపత్రికకు ఆ ప్రాంతపు వార్తలు పంపేవాణ్ణి. కవరు ఆలేరు స్టేషనులో రైలుకు అందించాలి. సైకిలు మీద ఆలేరు వెళ్ళి రాగలిగినంత దూరంలో ఉందని ఆ ఊళ్ళో కిరాయికి ఒక గది తీసుకున్నాను. గది బురుజు పక్కనే. వార్తలు రోజూ పుట్టవు. మధ్యాహ్నం పూట పని లేకుండా కూర్చునే గట్టి మనిషిని ఊళ్ళో నేనొక్కణ్ణే కావడంతో బురుజు మీద కాపలా నాకు వచ్చింది.

కాపలా అంటే నిప్పు కాపలా. ఇళ్ళలో ఎక్కువ భాగం గడ్డివో తాటికమ్మలవో. చూరుకు చూరు తగులుతూ ఉండేవి. జిల్లా కేంద్రంలో ఫైరింజను ఉందని విన్నాం కాని దాన్ని చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. అది వచ్చే బాటా లేదు. అందుకని కొందరు మగవాళ్ళు తమంతట తామే ఒక జట్టుగా ఏర్పడ్డారు. వాళ్ళను ఊరంతా ‘అగ్గి పిలగాండ్లు’ అనేది. సగం మందికి తల నెరిసినా ఆ పేరు మారలేదు. వాళ్ళ సామాను కొనకు ఇనుప కొక్కెం బిగించిన వెదురు గడలు, మోకులు, కొడవళ్ళు, నీళ్ళలో ముంచి కప్పుకునే పాత గొంగళ్ళు. ఎండలు ముదరగానే ప్రతి ఇంటి ముందూ గోలెం నిండా నీళ్ళు ఉండాలన్నది వాళ్ళు పెట్టిన కట్టుబాటు.

నా పని పొగను చూడటం. పొయ్యి పొగ సన్నగా నీలంగా లేచి విడిపోతుంది. కప్పు అంటుకుంటే పొగ పచ్చగా, లావుగా వస్తుంది. అది కనిపించగానే డప్పు కొట్టాలి. అంతవరకు ఏమీ చేయనక్కరలేదు. బురుజు మీద ఎండకు అడ్డంగా నాలుగు కమ్మలు కట్టుకుని, కింద ఖాళీగా పడి ఉన్న ఊరిని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎక్కడో ఒక రోకటి చప్పుడు. అది ఆగిపోతే అదీ ఉండదు.

జట్టుకు పెద్ద ఒక ఇళ్ళు కప్పే మనిషి. నలభై దాటిన వయసు. భార్య చాలా ఏళ్ళ కింద పోయింది, పిల్లలు లేరు. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. ఆమె ఊళ్ళోనే ఒక ఇంటికి కోడలై, భర్త పోయిన తర్వాత అదే ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఆయన రాత్రి తిండి ఆ ఇంట్లోనే. పగలు కాస్త తీరిక దొరికితే బురుజెక్కి నా దగ్గర కూర్చునేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పైనుంచి ఊరి కప్పులన్నీ చూసి, ఏ కప్పు తాను ఏ ఏడు వేశాడో తనలో తాను చెప్పుకునేవాడు.

తాను కప్పిన ఇళ్ళనే విప్పడం కూడా ఆయన పని. మంట ఒక వరుసలో పాకుతుంటే ఎన్ని కడవల నీళ్ళు పోసినా ఆగదు. మంటకు ముందున్న ఒక ఇంటి కప్పు దించి, గడ్డిని దూరంగా లాగేసి, ఎడం చేయాలి. ఏ ఇల్లన్నది ఆయనే చెప్పేవాడు. వాసాలకు కట్టిన మోదుగు నార ముడులు ఎక్కడ కోయాలో ఆయనకు తెలుసు. అవి కోసి కొక్కేలతో గుంజితే కప్పు కప్పంతా కూలేది. ఇల్లుగలవాళ్ళు ఏడ్చేవారు, తిట్టేవారు, గుమ్మానికి అడ్డం పడేవారు. జట్టు వాళ్ళను ఎత్తి పక్కన కూర్చోబెట్టి పని కానిచ్చేది. తర్వాత ఊళ్ళో ఇంటికొక గడ్డి మోపు చొప్పున ఇచ్చేవారు. ఆయన కూలి లేకుండా మళ్ళీ కప్పేవాడు. ఇది అందరూ ఒప్పుకున్న పద్ధతి.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఎవరో పొయ్యిలో బూడిద తీసి పెంట మీద పోశారు. అందులో నిప్పు కణిక ఉంది. గాలి లేచింది. నేను పచ్చటి పొగ చూసి డప్పు కొట్టేసరికి ఒక గుడిసె అంటుకుంది. జట్టు చేలల్లోంచి పరుగెత్తుకుని వచ్చేలోగా పక్కవి కూడా అంటుకున్నాయి. నేను డప్పు వదిలి కిందికి దిగి కడవలు అందుకునేవాళ్ళతో కలిశాను.

వరుసలో మంటకు ముందున్నది బండి తోలే ఒకాయన ఇల్లు. దాని పక్కది అక్క ఇల్లు. ఆ తర్వాత వాడ చివరిదాకా ఇళ్ళే. బండాయన చేతిలో చెర్నాకోల పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“నా ఇంటి మీద ఎవడన్న చెయ్యేస్తే ఈపులు పలుగుతయి! చెప్తున్న!”

“మామా, ఎటు?” అని జట్టులో ఒకడు అరిచాడు.

జట్టు పెద్ద బండాయన కప్పు వైపు చూశాడు. ఒక్క క్షణం ఆగి, దాన్ని దాటి అక్క ఇంటి మీదికి ఎక్కాడు. మిగతావాళ్ళు వెంట వెళ్ళారు.

అక్క అప్పుడు ఇంట్లో లేదు. డప్పు విని బావి దగ్గర నుంచి బిందెతో వచ్చింది. తమ్ముడు తన ఇంటి మీద ముడులు కోస్తున్నాడు.

“ఓరి తమ్మీ! ఏం జేస్తున్నవ్‌రా? అది నా ఇల్లురా!”

“జరుగక్కా, మీద పడ్తది, జరుగు!”

కప్పు కూలింది. గడ్డి లాగేశారు. అంతా అయ్యాక, చెమట తుడుచుకోకముందే, గాలి తిరిగింది. మంట కాలిన ఇళ్ళ మీదికే వాలి, తినడానికి ఏమీ మిగలక అక్కడే కుంగిపోయింది. బండాయన ఇంటికి సెగ తప్ప ఏమీ తగల్లేదు. ఆ వాడలో మంట ముట్టకుండా పోయిన కప్పు అక్కది ఒక్కటే.

మాపటికి ఆమె తన గోడల మధ్య, పైన ఆకాశంతో, సామాను సర్దుకుంటూ ఉంది. తమ్ముడు బయట నిలబడ్డాడు. కాలిన ఇళ్ళ వివరాలు రాసుకుంటూ నేను అటు వెళ్ళాను.

“ముందున్న ఇల్లు ఇడిసిపెట్టి నాదెట్ల ఇప్పినవ్?” అంది.

“టైం సాలదనుకున్ననక్కా. రెండిట్ల ఏదైనా ఒకటే.”

“ఒకటే అయితే నాదెందుకు?”

ఆయన కింద పడ్డ మోదుగు నార ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

“మన నాయిన ఇండ్లు కప్పుతుంటె గడ్డి అందిచ్చింది నేను. నువ్వు అప్పుడు నా సంకల ఉన్నవ్. కప్పు దించెతందుకు ఎంత సేపు పడ్తదో నాకు ఎర్క లేదా? ఆయిన కొరడ పట్టుకున్నడని ఇడిసిపెట్టినవ్. మిగిలినోళ్ళను ఎత్తి పక్కకు పెట్టలేదా? ఆయినను పెట్టరాకపాయెనా?”

ఆమె చివరగా అన్న మాట నెమ్మదిగా అంది. “అక్కనే గద, ఏమంటదని అనుకున్నవ్.”

తర్వాత ఆమె ఆయనతో మాట్లాడలేదు.

తహశీలు నుంచి మనుషులు వచ్చి కాలిన ఇళ్ళవాళ్ళకు బియ్యం, బట్టలు ఇచ్చి వెళ్ళారు. అక్క ఇల్లు కాలలేదు కనుక ఆమెకు రాలేదు. నేను పంపిన వార్త మూడు వాక్యాలకు కుదించి వేశారు. అందులోనూ దగ్ధమైన ఇళ్ళే ఉన్నాయి. పద్ధతి ప్రకారం ఊళ్ళోవాళ్ళు గడ్డి మోపులు తెచ్చారు. అందరివీ తీసుకుంది. కప్పడానికి మాత్రం తమ్ముణ్ణి రానివ్వలేదు. హుజూర్‌నగర్ వైపు నుంచి, భర్త తరఫు చుట్టాల ఊరి నుంచి మనిషిని పిలిపించుకుంది.

ఆ రోజులన్నీ ఆయన బురుజు మీదే గడిపాడు. పైనుంచి ఆ పరాయి మనిషి పని చేయడం కనిపించేది.

“ముడులు బానే ఏస్తున్నడు,” అన్నాడు ఒకసారి. నిజానికి అంత దూరం నుంచి ముడులు కనిపించవు.

“అన్నా, ఆమె అన్నది నిజమేనా?” అని అడిగాను.

ఆయన ఆ కప్పు వైపే చూస్తూ చెప్పాడు. “నిజమే సారూ. టైం ఉండె. ఆ బండాయిన ఉత్త లొల్లిమనిషి. ఆయిన ఇల్లు ఇప్పినంక గాలి తిరిగితే తహశీలు కచేరి దాక గుంజుతడు. కాలితే తప్పు అగ్గి మీద పోతది, ఇప్పితే నా మీద పోతది. అక్క ఇల్లయితే ఫికర్ లేదనుకున్న. ఒక పూట తిట్టి మాపటికి బువ్వ వెడతదనుకున్న.”

“ఆ మాటే ఆమెకు చెప్పరాదా?”

“ఏం జెప్పాలె? ఆమె చెప్పిందే గద ఇది.”

వర్షాలు పడ్డాయి, చలికాలం వచ్చింది. ఆయన తన గుడిసెలో తానే వండుకునేవాడు. నేను నా గదిలో వండుకునేవాణ్ణి. సాయంత్రం బురుజు మెట్ల మీద కూర్చుంటే రెండు పొయ్యిల పొగలూ కనిపించేవి, ఎవరిది వారిదే. ఒకరి దగ్గర ఒకరం తిందామని ఇద్దరికీ తోచిందో లేదో కాని ఎవరమూ అనలేదు. చీకటి పడే వేళకు ఆయన అలవాటు కొద్దీ లేచేవాడు, అక్క వాడ వైపు రెండడుగులు వేసి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగేవాడు.

మళ్ళీ ఎండలు మొదలయ్యే ముందు జట్టు కూడినప్పుడు ఆయన ఒక కొత్త మాట అన్నాడు. ఇకమీదట అవసరమొస్తే కప్పు విప్పవచ్చా అని ప్రతి ఇంటినీ ముందే అడగాలి.

“అడుక్కుంట తిరుగుడేంది మామా? ఓట్లకు నిలవడుతున్నవా?” అని నవ్వారు.

“అగ్గి పుట్టినంక అడిగెతందుకు ఉండదు. అందుకే ముందుగాల అడుగుతం.”

ఎవరూ వెంట రాలేదు. పని లేనివాణ్ణి కాబట్టి నేను వెళ్ళాను. ఇల్లిల్లూ తిరిగాం. గోలెంలో నీళ్ళు చూసి, గుమ్మం ముందు నిలబడి ఆయన అడిగేవాడు. కొందరు దేనికోసమో అర్థం కాక బెదిరిపోయారు. ఒక ముసలమ్మ, “ఇప్పుకో బిడ్డా, ఎట్లయినా కురుస్తనే ఉన్నది,” అంది. బండాయన చుట్ట తీసి నవ్వాడు.

“నన్ను అడుగుడేందిరా? పోయినేడు నన్ను చూసి దుంకి పక్కింటి మీద పడితివి గద!”

“ఈ యేడు దుంకను. నువ్వు అడ్డం వస్తే నిన్ను ఎత్తి పెంటల పడేస్త. చెప్పు, ఇప్పాల్నా వద్దా?”

బండాయన నవ్వు ఆపి చూశాడు. “సరే తీయ్, ఇప్పు,” అన్నాడు.

పక్కది అక్క ఇల్లు. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఈ మాటలన్నీ ఆమెకు వినిపించే ఉంటాయి. ఆయన గోలెం వైపు చూశాడు. అంచు దాకా నీళ్ళున్నాయి. మిగతా ఇళ్ళ దగ్గర ఎంత దూరంలో నిలబడ్డాడో అక్కడా అంత దూరంలోనే నిలబడ్డాడు.

“అక్కా, ఈ ఎండకాలంల అగ్గి వుడితే, అవసరం పడితే, నీ కప్పు ఇప్పొచ్చునా?”

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది.

“సారూ, అవసరం పడితే ఇప్పుకోమనుండ్రి. ఊరికి అడ్డం నేనెందుకైత? అందరు ఎట్లనో నేనూ గట్లనే.”

అంతలా ఆలోచించకుండా ఒప్పుకున్నది ఆ వాడలో ఆమె ఒక్కతే. ఆయన అక్కడే నిలబడ్డాడు. వద్దంటుందనీ, తిడుతుందనీ, తిట్టడానికైనా తన వైపు తిరుగుతుందనీ అనుకుని వచ్చాడని నాకు అప్పుడు అర్థమైంది. ఆమె మళ్ళీ చింతపండులోకి వంగింది. గింజలు ఒక్కొక్కటే చాటలో పడుతున్నాయి.

“ఇగ ఏమన్న అడిగేదున్నదా సారూ?”

“లేదమ్మా.”

మేము తర్వాతి ఇంటికి వెళ్ళాం. ఆ ఇల్లాలు బయటికి వచ్చి, కొంగు సర్దుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఏంది సారూ, మామ గిట్ల నిలవడ్డడు? ఏం గావాలె?”

ఆయన గోలెంలో నీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ వాడలో మిగిలిన ఇళ్ళన్నిటి దగ్గరా నేనే అడిగాను.