మంచం కోడు మీద మూడు దెబ్బలు

మా అక్క చేతివేళ్లు బోరునీళ్ల ఫ్లోరైడ్‌కు చిన్నప్పుడే కొంకర్లు పోయాయి. మెడ తిరగదు, నడుం వంగదు. ఊళ్లోకి నల్లా నీళ్లు వచ్చేసరికే ఆలస్యమైపోయింది. నేనేమో మోత్కూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాను. ఊరందరి ఫోన్లూ పలికించే నాకు, పగలంతా ఇంట్లో ఒక్కతే ఉండే అక్క చేత ఒక్క ఫోను చేయించడం చేతకాలేదు. ఆమె వేలు తగిలినా ఫోను అద్దం కదలదు. మాటతో పనిచేసే ఫోను తెచ్చిచ్చాను. "తమ్మికి కొట్టు" అని అక్క ఎన్నిసార్లు చెప్పినా దానికి అర్థం కాలేదు.

"గిది చెవిటిదిరా తమ్మీ" అని అక్క దాన్ని పక్కన పెట్టేసింది.

ఆమె పడిపోతే తనంతట తాను లేవలేదు. నేను ఇల్లు చేరేది పొద్దుగూకాకే. దుకాణంలో స్క్రూలు విప్పుతున్నా, అక్క నేల మీద పడి ఉన్నట్టే కళ్ల ముందు మెదిలేది.

చివరికి అద్దం సంగతే వదిలేశాను. చప్పుడు పసిగట్టే చిన్న బిళ్లను వాకిట్లో ఆమె కూర్చునే నులక మంచం కోడుకు బిగించి, ఒక పాత ఫోనుకు వైరు కలిపాను. చేతికర్రతో కోడు మీద మూడు దెబ్బలు కొడితే నా ఫోను మోగుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం నాలుగు రోజులే. మోగినప్పుడల్లా విప్పిన ఫోను విప్పినట్టే వదిలి బండి మీద ఉరికేవాణ్ని. తీరా వెళ్తే, ఎండబోసిన జొన్నల మీది కోళ్లను తోలడానికి అక్క కోడు మీద టకటకా కొడుతూ ఉండేది. మూడోసారి నోరు పారేసుకున్నాను.

"ఊకె కొట్టకే అక్కా! నా పానం పోతాంది."

"సరే తీ తమ్మీ. ఇగ కొట్ట."

నిజంగానే కొట్టలేదు. నెల రోజులు ఫోను మోగలేదు. మొదట హాయిగానే ఉంది. తర్వాత ఆ నిశ్శబ్దానికే భయపడి మాటిమాటికీ ఫోను తీసి చూసేవాణ్ని. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఇంటికి వెళ్లాను. అక్క మంచం పక్కనే నేల మీద పడి ఉంది. పెదవులు ఎండిపోయాయి. కర్ర చేతిలోనే ఉంది. కోడు జానెడు దూరంలో ఉంది.

"ఎందుకు కొట్టలే అక్కా?" అని ఏడ్చాను.

"దుకాన్ల మంది ఉంటరు గద. నీ పానం పోతాందంటివి."

దవాఖానకు తీసుకెళ్తే బొక్క విరగలేదన్నారు. నేను చేసిన పరికరం బాగానే ఉంది. పాడుచేసింది నా నోరే.

ఆ తర్వాత పద్ధతి తిరగేశాను. ఇప్పుడు అక్క బాగున్నానని చెప్పడానికి గంటకోసారి కొట్టాలి. మోగకపోతే నేను బయల్దేరతాను. భయం తగ్గలేదు. గంట దగ్గరపడుతుంటే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ఫోను కేసే చూస్తాను.

మొన్న పదకొండు దాటి పది నిమిషాలైంది. షట్టరు సగం దించాను. అప్పుడు మోగింది. ఎత్తకుండా, అది ఆగేదాకా వింటూ నిలబడ్డాను.

"ఎత్తవేంది అన్నా?" అన్నాడు బాగుచేయించుకోవడానికి ఫోను తెచ్చిన గిరాకీ.

"మా అక్క. మోగితే చాలు."