కంప్యూటర్‌కు కావాల్సిన గొంతు

కొత్తగూడలో బస్సెక్కిన ఇంజినీరింగ్ పిల్ల నా పక్కన కూర్చుని ఫోన్ ముందుకు పెట్టింది.

"అవ్వా, జర మాట్లాడవా? కంప్యూటర్‌కు మన మాట తెల్వదు. నేర్పనీకి గొంతులు తెమ్మన్నడు మా సారు. ఇదే నా మొదటి రీసెర్చి."

"నా బొంగురు గొంతా? నీ కంప్యూటర్ పారిపోతది బిడ్డా!"

పకపకా నవ్వింది. సర్వపిండి ఎలా చేస్తానో చెబితే అంతా రికార్డు చేసుకుంది.

"తాత గూడ మాట్లాడతడా? ముసలోళ్ల గొంతులు దొరుకుతలేవు."

"పోయినేడు పోయిండు బిడ్డా."

"ఆయన మాటలు ఫోన్‌ల ఏమన్న ఉన్నయా?"

లేవన్నాను. ఆ పిల్ల గోపన్‌పల్లిలో దిగిపోయింది.

వాచ్‌మన్ డ్యూటీ నుంచి మా ఆయన రోజూ ఫోన్ చేసి, తిన్నావా అని అడిగేవాడు. తిన్నానని చెప్పి పెట్టేసేదాన్ని. ఆ ఒక్క మాటైనా దాచుకోవచ్చని ఆ పిల్ల అడిగేదాకా నాకు తట్టనే లేదు.