బట్టతల అంకుల్ డబ్బా

నా చిన్నప్పుడు ఒక మహాకావ్యం జరిగింది. అందులో ఆకలి ఉంది, దొంగతనం ఉంది, ఆఖరి నిమిషంలో ఆదుకున్న ధీరుడూ ఉన్నాడు. ఇంత చెప్పాక ఒప్పుకోక తప్పదు: అదంతా ఒక ప్లాస్టిక్ డబ్బాలోని బీహూన్ గురించి. సన్నటి బియ్యపు సేమియా, అంతే. ధీరుడికి బట్టతల. నాకిప్పుడు ఇరవై ఏడు. మా బ్లాకు పిల్లలు అప్పుడే ఆంటీ అంటున్నారు కాబట్టి జ్ఞాపకాలు రాసే అర్హత వచ్చేసిందనుకుంటున్నాను.

అప్పుడు మేం యీషున్‌లో, సర్కారు తక్కువ అద్దెకిచ్చే ఒంటిగది ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. సింగపూర్‌లో పేదరికం కూడా శుభ్రంగా ఉంటుంది. లిఫ్టు పనిచేస్తుంది, వరండా రోజూ ఊడుస్తారు, బయటివాళ్లకి ఏమీ తెలియదు. నాన్న నడుము పట్టేసి ఏడాదిగా పనికి వెళ్లడం లేదు. అమ్మ వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఒక ఆఫీసు శుభ్రం చేసేది. అక్కడ సెమినార్ జరిగితే మా ఇంట్లో విందు. మిగిలిన తిండి పారేయాలి, ఇంటికి పట్టుకెళ్తే ఉద్యోగం పోతుంది అని నియమం. అమ్మ సగం పారేసేది.

బడికి సెలవున్న ఒక రోజున నన్నూ వెంట తీసుకెళ్లింది. ఆ పూటకి ఇంట్లో బియ్యం లేవు. ప్యాంట్రీలో అమ్మ డబ్బాలోకి బీహూన్ వేస్తోంది, కోడిరెక్కలు ఏ మూల పడతాయో నేను తెలుగులో సలహాలిస్తున్నాను. అప్పుడొచ్చాడు సూపర్‌వైజర్.

"ఇది ఎవరిది, ఆంటీ?" అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. చెడ్డవాడు కాడు. ఆయన పైన ఇంకో సూపర్‌వైజర్ ఉన్నాడు. అమ్మ గరిటె ట్రేలో పెట్టేసి నన్ను తన వెనక్కి లాక్కుంది.

కాఫీ మెషిన్ దగ్గర ఆ ఆఫీసులోనే పనిచేసే బట్టతల అంకుల్ ఒకాయన, అప్పటిదాకా మా మాటలు వింటూ విననట్టు నిలబడి ఉన్నాడు. "నాదే లా," అన్నాడు సూపర్‌వైజర్‌తో, ఇక్కడి ఇంగ్లీషులో ప్రతి మాటకీ తగిలించే ఆ 'లా'తో సహా. తర్వాత తెలుగులో, కాస్త విసుగ్గా, "అయిందా అక్కా? ఎంతసేపు?" అని మూత పెట్టి డబ్బా పట్టుకుపోయాడు. సూపర్‌వైజర్ నవ్వి వెళ్లిపోయాడు. అమ్మ ఉద్యోగం నిలిచింది. మా కూడు మాత్రం ధీరుడితో వెళ్లిపోయింది.

సాయంత్రం బస్‌స్టాప్‌లో ఆయన మాకోసం నిలబడి ఉన్నాడు. చొక్కాకి పులుసు అంటకుండా డబ్బాని దూరంగా పట్టుకున్నాడు. ఇది ఇంటికి తీసుకెళ్తే మా ఆవిడ ఊరుకోదక్కా, మీరే ఉంచుకోండి అన్నాడు. అమ్మ చెయ్యి చాపలేదు. మాది ముత్తాతల కాలంలో మలేషియా చేరి, అక్కణ్ణుంచి సింగపూర్ వచ్చిన కుటుంబం. తెలుగు సగం అరిగింది గాని మొండితనం అరగలేదు. మా బస్సు వచ్చింది, వెళ్లింది. ఆ కాసేపు అమ్మ మీద నాకొచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది.

"నీదని చెప్పావు కదా తంబీ," అంది చివరికి. "నువ్వు తిన్నాక మిగిలింది ఇవ్వు."

ఆయన శాకాహారి. కోడి తగలని మూల కోసం చాలాసేపు వెతికి, రెండు పోగులు వేళ్లతో తీసి, కళ్లు మూసుకుని మింగాడు. అప్పుడు అమ్మ డబ్బా తీసుకుంది.

ఇంటికెళ్లి నాన్నకీ నాకూ పెట్టి, తను బస్‌స్టాప్‌లోనే తినేశానంది. నేనూ అక్కడే ఉన్నానన్న సంగతి మర్చిపోయింది. నేనూ గుర్తు చేయలేదు. ఆకలిగా ఉంది.

ఇప్పుడు నేనూ ఆఫీసు ఉద్యోగినే. సెమినార్ రోజుల్లో అందరికీ వినపడేలా, నా డబ్బా కాస్త నింపి పెట్టండి ఆంటీ అని మా శుభ్రం చేసే ఆంటీతో చెప్పి, దాన్ని మర్చిపోయి ఇంటికి పోతాను. మర్నాడు కడిగి నా బల్ల మీద పెట్టి ఉంటుంది.

డబ్బా ఆనాటిదే. మూత క్లిప్పు విరిగితే రబ్బరు బ్యాండు వేశాను. అయినా పులుసు కారుతుంది, అందుకని కూరలు పెట్టించను.