రెప్ప పట్టుకున్న తల్లి

2012, వేసవికాలం. బరంపురంలో అంకులి వైపు ఉన్న ఒక చిన్న కంటి ఆసుపత్రిలో నేను టెక్నీషియన్‌గా చేరి అప్పటికి పదకొండేళ్లు. కంటి కొలతలన్నీ నా పనే. నేను రాసిచ్చిన అంకెలు చూసి డాక్టరుగారు నిర్ణయం చెప్పేవారు. నా చేతి అంకె తప్పు పోదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ రోజు గోపాల్‌పూర్ దగ్గరి జాలరివాడ నుంచి ఎర్రమ్మ అనే ఆవిడ వచ్చింది. చేపలమ్ముకుంటుంది. వెంట పందొమ్మిదేళ్ల కూతురు రత్నం. ఇంట్లో చిరిగిన వలలు బాగుచేసేది ఆ పిల్లే.

"ఒక్క దారం రెండుగా అవుపిస్తంది. దేనికి ముడెయ్యాలో తెలీటం లేదు" అంది రత్నం.

దాన్ని కెరటోకోనస్ అంటారు. కంటి ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా, పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది. ఎడమ కన్ను అప్పటికే చెయ్యి దాటిపోయింది. కుడి కన్ను ఒక్కటే మిగిలింది. జబ్బును అక్కడికక్కడ ఆపడానికి క్రాస్‌లింకింగ్ అనే చికిత్స ఉంది. మందు వేసి, ఒక రకం కాంతితో పొరను గట్టిపరుస్తారు. అయితే పొర మందం నాలుగు వందల యాభై మైక్రాన్ల కన్నా తగ్గితే మా డాక్టరుగారు ఒప్పుకునేవారు కాదు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంతకన్నా పలచనైతే ఆ కాంతి కంటి లోపలి కణాలను దెబ్బతీస్తుందని ఆయన భయం.

ఆ మందం కొలిచేది పాకిమీటర్. పెన్నులాంటి దాని మొన కంటికి ఆనాలి కనుక ముందు మత్తు చుక్క వేస్తాం. రత్నానికి చుక్క వేసి, "కన్ను మూయకమ్మా, మందు కారిపోద్ది" అని అలవాటుగా అనేశాను. ఇంతలో పక్క గదిలోంచి పిలుపొస్తే తల్లీకూతుళ్లని అక్కడే ఉంచి వెళ్లాను. తిరిగి రావడానికి పది నిమిషాలు పట్టింది. కొలిస్తే నాలుగు వందల ముప్పై ఎనిమిది. ఎన్నిసార్లు మొన ఆనించినా అటూ ఇటూ అంతే.

డాక్టరుగారు అంకె చూసి తల అడ్డంగా ఊపారు.

బయటికి రాగానే ఎర్రమ్మ బెంచీ మీద కూలబడింది. "మీరు సెప్పినట్టే సేసినాను గదమ్మా. మీ అడుగుల సప్పుడు ఇనబడీదాకా రెప్ప ఆడనీకుండా రెండు వేళ్లతో ఇడదీసి పట్టుకున్నాను. ఒక్క సుక్క కిందకి పోనిచ్చినానేటి? అయినా ఇలాగైపోనాది."

ఆ పది నిమిషాలూ ఆ పిల్ల కన్ను ఫ్యాను కింద తెరుచుకునే ఉందన్నమాట. మత్తులో మంట తెలియలేదు, రెప్ప వేయాలనీ అనిపించలేదు. తడి ఆరిపోయి పొర పలచబడింది. తప్పు తల్లిది కాదు, నాది. వెంటనే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. సిగ్గుతో చచ్చాననుకోండి. ఆయన కసిరి, మర్నాడు మళ్లీ కొలవమన్నారు.

మర్నాడు కూడా అదే వేళకు రమ్మన్నాను. నిద్ర లేచిన వెంటనే పొర కాస్త ఉబ్బి ఉంటుంది, అప్పుడు కొలిస్తే అదీ అబద్ధమే. చుక్క వేసిన మొదటి నిమిషంలోనూ అలాగే కొంచెం ఉబ్బవచ్చని, అందుకే ఆగి కొలుస్తామని ఎర్రమ్మకు వివరించాను. అది వినగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అలాగైతే నాలుగు సుక్కలెక్కువెయ్యమ్మా. ఉబ్బినప్పుడే కొలిసీ. ఎవులికి తెలుస్తాది?"

"నీ కూతురి కంటికి తెలుస్తాది ఎర్రమ్మా. లేని మందం ఉందని రాస్తే, ఉన్న కన్ను కాస్తా పోద్ది" అన్నాను.

ఆవిడ చెయ్యి వదిలేసింది. నిజం చెప్పొద్దూ, ఆవిడ అడిగింది చేసేద్దామా అని నాకూ ఒక్క క్షణం అనిపించింది.

మర్నాడు వాళ్లు రాగానే ఒకే చుక్క వేశాను. ఈసారి గది వదల్లేదు. రత్నం ఎదురుగా కూర్చుని, "నాతో పాటు రెప్పెయ్" అని నేనూ రెప్పలు కొట్టాను. మూడు నిమిషాలు ఇద్దరం పిచ్చివాళ్లలా అలా కూర్చున్నాం. తర్వాత మొన ఆనించాను. నాలుగు వందల యాభై ఏడు. నమ్మక ఇంకో నాలుగుసార్లు కొలిచాను. యాభై ఆరు, యాభై ఏడు, యాభై ఏడు, యాభై ఎనిమిది. కాగితం మీద రాస్తుంటే నా కళ్లే మసకబారాయి.

చికిత్స అయింది. జబ్బు అక్కడితో ఆగింది. రత్నం కళ్లద్దాలతో ఇప్పటికీ వలలు ముడేస్తోంది.

రోగికి ఏం చెయ్యాలో చెబితే సరిపోదు, ఎందుకో, ఎంతసేపో కూడా చెప్పాలని ఆ పిల్ల కన్ను నాకు నేర్పింది. కారణం చెప్పకపోతే, ప్రేమ ఉన్నవాళ్లు మన మాటను మనకన్నా గట్టిగా పట్టుకుంటారు.

ఎర్రమ్మ ఏటా కూతుర్ని పరీక్షకు తెస్తుంది. నేను చుక్కల సీసా తీయగానే బెంచీ మీద వాళ్లందరికీ ముందే చెబుతుంది: "రెప్పలాడించండర్రా. ఈ అమ్మ సెప్పడం మరిసిపోద్ది."