లహరి నాకొక్కదానికే కావాలి

ఇంగ్లండ్‌లోని స్లౌ ఊళ్ళో మా ఫ్లాట్‌కి దివ్య భోజనానికి వచ్చిన ఆదివారమే నాలో ఏదో తేడా ఉందని నాకు తెలిసింది. నేనూ లహరీ మాస్టర్స్ చదివిన రోజుల నుంచి కలిసి ఉంటున్నాం. దివ్య లహరి ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి. నేను రోజూ తినే స్టీలు కంచంలో లహరి ఆ అమ్మాయికి బిర్యానీ పెట్టి, నాకు పింగాణీ ప్లేటు ఇచ్చింది. తినకుండానే లేచిపోయాను. బాత్‌రూంలో గడియ పెట్టుకుని, గోడకు అవతలే ఉన్న లహరికి నలభై మెసేజ్‌లు పెట్టాను. చివరిది, నాకు బతకాలని లేదని.

అది చదివి నన్ను ఆసుపత్రి ఎమర్జెన్సీకి (ఇక్కడ ఎ అండ్ ఇ అంటారు) తీసుకెళ్ళిన లహరి, నా పక్క కుర్చీలో ఏడుస్తూ కూర్చుంది. "నువ్వు మంచిగ చూపించుకుంటనే నేను నీతోని ఉంట. లేకుంటే నాతోని కాదే," అంది. లహరిది వరంగల్, మాట సూటిగా ఉంటుంది. అది నన్ను వదిలి పోతుందన్న భయంతోనే వైద్యానికి ఒప్పుకున్నాను.

జీపీ, అంటే మా పేట డాక్టరు, పంపిన చాలా నెలలకి సైకియాట్రిస్టు చూశారు. "బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్" అన్నారు. కావలసిన మనిషి కాస్త పక్కకి జరిగినా పూర్తిగా వదిలేసినట్టే అనిపిస్తుందట. నా కంచం గొడవా, కొత్త బట్టల లేబుళ్ళన్నీ కత్తిరించుకునే అలవాటూ విన్నాక, "ఆటిజం కూడా ఉండొచ్చు. మీ చిన్నతనం తెలిసినవాళ్ళతో మాట్లాడాలి," అన్నారు.

తెనాలి నుంచి అమ్మ పట్టుచీర కట్టుకుని వీడియోలో కూర్చుంది. ఇంటర్‌ప్రెటర్ ఏమడిగినా ఒకటే పాట. "అందరితో ఇట్టే కలిసిపోయేదండీ. అలగడం, మొండితనం అసలు తెలీదండీ మా పిల్లకి." అచ్చం పెళ్ళివారికి చెప్పినట్టే. అడక్కపోయినా వంటలన్నీ వచ్చని కూడా కలిపింది. చిన్ననాటి లక్షణాలేవీ లేవని రిపోర్టు వచ్చింది. నేను ఫోన్‌లో కేకలేస్తే అమ్మ, "పెళ్ళి కావలసిన పిల్లవి. ఆ కాయితం ఎవరి కంటన్నా పడితే ఏంటే?" అంది.

లహరి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళి గంటసేపు మాట్లాడింది. చుట్టాలొస్తే నేను మంచం కిందికి దూరేదాన్నని, పొట్టిదైపోయిన ఒకే గౌను కోసం రోజూ ఏడ్చేదాన్నని, నన్ను చూసి తనూ ఏడ్చేదని అమ్మ దానికి అంతా చెప్పేసింది. నాకెప్పుడూ చెప్పని మాటలు! నిజం చెబుతున్నాను, ఆ గంటా నాకు ఇద్దరి మీదా అసూయే. లహరి గంట సమయం ఇచ్చిందని అమ్మ మీద, అమ్మ మనసు విప్పిందని లహరి మీద.

రెండోసారి అమ్మ అవే మాటలు డాక్టరుకి చెప్పింది. ఆటిజం ఖాయమైంది. పొంగుకొచ్చే భావాలని అదుపు చేసుకోవడం నేర్పే డీబీటీ అనే థెరపీకి ఏడాదిపాటు గ్రూపులో కూర్చున్నాను. మధ్యలో లహరి దివ్యతో కలిసి రీడింగ్ అనే పక్క ఊళ్ళో ఫ్లాట్ తీసుకుంది. మళ్ళీ ఎ అండ్ ఇ దాకా వెళ్ళాను. "అసూయ రాకూడదని ఎవరన్నారు? వచ్చిందని చెప్పండి, చాలు," అన్నారు థెరపిస్టు.

ఇప్పుడు ఒక్కదాన్నే ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. దివ్య పేరు వింటే ఇప్పటికీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటాను. మొన్న శనివారం లహరీ ఆ అమ్మాయీ లండన్ వెళ్తున్నారని తెలిసి, "నాకు అసూయగా ఉంది," అని ఒక్కటంటే ఒక్క మెసేజ్ పెట్టాను. లహరి, "ఎరికే. ఏడున్నరకు చేస్త," అని రాసింది. ఏడున్నరకి ఫోన్ మోగింది.

నాలాంటివాళ్ళు మీ ఇంట్లో ఉంటే "తర్వాత మాట్లాడదాం" అనకండి. ఎన్ని గంటలకో చెప్పండి, సరిగ్గా ఆ సమయానికే మాట్లాడండి. అప్పటిదాకా మేం ఎలాగో ఉండగలం.