మాస్టారి రైలులో చివరి పెట్టెలు

మా పక్కింటి మాస్టారు పోయారు. మాస్టారి భార్యను మేము మామ్మగారు అంటాం. ఆమె గోడ అవతల నుంచి ఆ మాట మా అమ్మతో చెప్పినప్పుడు నేను టీ వడకడుతున్నాను. వడకట్టడం పూర్తి చేశాను. గ్లాసులు కడిగి బోర్లించాను. ఆ తరువాతే చెప్పులు వేసుకుని వెళ్లాను. అప్పుడు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. రానిదాన్ని రప్పించే ప్రయత్నం మానుకుని, కళాశాల చర్చా పోటీల వేదికల మీద నాకు అలవాటైన పనే ఇక్కడా చేస్తాను. ఆయన మీద ఒక అభియోగం ఉంది. దానికి జవాబు చెబుతాను.

అభియోగం ఇది: మాస్టారికి ఎప్పుడు ఆపాలో తెలియలేదు.

ఈ మాట అన్నది మన తెలుగు సంఘం పెద్ద ఒకరు. ఆదివారం జరిగే సంస్మరణ సభలో మాస్టారు చేసిన రైలు నమూనాలను ప్రదర్శించాలని, వాటిని ఏరడానికి ఆయన డాలీగంజ్‌లోని మాస్టారి ఇంటికి వచ్చారు. ఇంజన్‌నూ దాని వెనక ఉండవలసిన తొలినాటి బోగీలనూ బల్ల మీద ఒక పక్క పెట్టారు. మిగిలినవి చూసి మొహం తిప్పుకున్నారు. "ఇవి చాలు. ఆ లాస్ట్‌వి ఛోడో. చేతులు బాగున్నప్పటివే పెడదాం. ఇవి చూస్తే జనానికి జాలేస్తాది. పాపం, ఎప్పుడు ఆపాలో మాస్టారికి తెలీలేదు" అన్నారు. కిటికీలు లేని పెట్టెలు, కప్పు లేని పెట్టెలు, ఒరిగిన పెట్టెలు ఒక కార్టన్‌లోకి వెళ్లిపోయాయి. పాడె మోసినవాళ్లలో ముందు నిలిచింది ఆయనే. ఆయన ప్రేమను నేను శంకించడం లేదు. ఆ వాక్యాన్ని మాత్రం ఒప్పుకోను.

మాస్టారు విజయనగరం వైపు ఒక చిన్న స్టేషను పక్కన పుట్టారు. లెక్కల టీచరుగా కుర్రతనంలో ఓడ ఎక్కి ఈ దీవులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇక్కడ రైలు లేదు. అయినా పాఠ్యపుస్తకంలో రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తూనే ఉండేవి. అవి ఎప్పుడు కలుస్తాయో ఆయన బోర్డు మీద చెబుతుండగా, డెలానీపూర్ నుంచి వచ్చే ఒక విద్యార్థిని లేచి అడిగిందట: "మాస్టారూ, ఎదురొస్తే తప్పుకోవాలి కదా, రైలుకి చుక్కాని ఏ పక్క ఉంటాది?"

తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరి సందేహమూ అదే. ఆ విద్యార్థిని మా అమ్మ.

ఆ వారంలోనే ఆయన రంపపు మిల్లు బయట పారేసిన ఎర్రటి పడౌక్ చెక్క ముక్కలతో తన మొదటి పెట్టెను చేసి, బల్ల మీద రెండు బద్దలు పరిచి నడిపి చూపించారు. "చుక్కాని లేదమ్మా. చక్రానికి లోపలిపక్క అంచు ఉంటాది, అదే పట్టాని పట్టుకుంటాది. పట్టా ఎటు తిరిగితే బండీ అటే." ఆ తరువాత ఆయన ఆగలేదు. గొడుగు చువ్వలు ఇరుసులయ్యాయి. పాలపొడి డబ్బా రేకు ఇంజన్ బాయిలరయింది. అయిపోయిన పెన్ను రీఫిళ్లు దాని మీది గొట్టాలయ్యాయి.

పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది ఉద్యోగ విరమణ తరువాత. మొదట ఆయన అక్షరాలు చిన్నవయ్యాయి. తరువాత కుడిచేయి ఊరికే ఉన్నప్పుడు వణకసాగింది. తరువాత గుండీ పెట్టుకోవడం కూడా నెమ్మదించింది. గడప దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయేవి. ఒకనాడు నేల మీద అడ్డంగా పడున్న బద్దలను దాటబోయి, ఆయన సాఫీగా అడుగు వేయడం మామ్మగారు చూశారు. మర్నాడు వరండా పొడుగునా తెల్లటి టేపు ముక్కలు అడ్డంగా అతికించారు. పట్టాల కింద స్లీపర్ చెక్కలు ఉన్నట్టే ఉండేవి. ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ ఆయన గేటు దాకా వచ్చేవారు. "చూసేవా? దీవిలో మొదటి లైను మా ఇంట్లోనే పడింది" అని నవ్వేవారు. ఆయన పోయిన రోజున వచ్చినవాళ్లంతా ఆ టేపుల మీదే చెప్పులు విడిచారు. నేను చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు అభియోగానికి వస్తాను. ఆయన పని చేస్తుండగా మీలో ఎంతమంది చూశారు? నేను చూశాను, ఎందుకంటే నా ఉపన్యాసాల సాధనంతా వాళ్ల వరండాలోనే సాగేది. మాత్ర వేసుకున్నాక అది ఒంటికి పట్టేదాకా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బల్ల ముందు కూర్చునేవారు. రంపం, ఆకురాయి, జిగురు సీసా ఎదురుగానే ఉండేవి. తాకేవారు కాదు. బిగుసుకున్న వేళ్లు వదులయ్యాక "సిగ్నల్ పడింది" అని చేతులు బయటికి తీసేవారు. మందు బలం తగ్గడం కూడా ఆయనకే ముందు తెలిసేది. సగం కోతలో రంపం దించేసేవారు.

"ఇంకో రెండు లాగులు లాగితే అయిపోతుంది కదా మాస్టారూ" అన్నాను ఒకసారి.

"ఆ రెండు లాగుల్లోనే చెక్క పోతాది, వకీలమ్మా. బస్. బండి లూప్ లైన్‌లో పెట్టేసేను."

స్టేషనులో బండి పక్కకు తప్పుకుని నిలిచే పట్టాను లూప్ లైను అంటారని నాకు చెప్పింది ఆయనే. ఆపడం తెలియదని సంఘం పెద్దగారు అంటున్న మనిషి ప్రతిరోజూ ఆపారు. నేను చేపట్టిన ఏ వాదనలోనూ నాకు అది చేతకాలేదు.

ఏది వదిలేయాలో కూడా ఆయనే నిర్ణయించుకున్నారు. కుంచె కొస నిలవడం లేదని బోగీల మీద అంకెలు రాయడం మానేశారు. తరువాత కిటికీల చువ్వలు పోయాయి, తరువాత కిటికీలే పోయాయి, తరువాత గుండ్రటి కప్పు పోయింది. "కిటికీలు లేకుండా ఇదేం బోగీ మాస్టారూ?" అని నేను నిలదీశాను.

"కిటికీలు లేకపోతే గూడ్సు పెట్టె అవుతాది. కప్పూ లేకపోతే బొగ్గు పెట్టె అవుతాది. కొక్కెం లేకపోతే మాత్రం ఉత్త చెక్కముక్క."

పెట్టెను పెట్టెకు తగిలించే ఆ కొక్కెం విషయంలో ఆయన ఏ జబ్బుకూ రాయితీ ఇవ్వలేదు. అగ్గిపెట్టె కంటే చిన్నదైన పడౌక్ దిమ్మ ఒకటి ఆయన దగ్గర ఉండేది. కొక్కేలన్నీ ఒకే ఎత్తులో ఉండాలని ప్రతి పెట్టెనూ దాని పక్కన నిలబెట్టి, కొక్కెం సరిగ్గా దిమ్మ తల మీద ఆనిందో లేదో చూసేవారు. ఆనకపోతే ఊడదీసి మళ్లీ బిగించేవారు. చివరి పెట్టె కొక్కెం ఒక్కదానికే వానాకాలమంతా పట్టింది. ఆ పెట్టె ఒక బల్లచెక్క, దాని కింద నాలుగు చక్రాలు, అంతే. అయినా దాన్ని తొలినాటి బోగీకి తగిలిస్తే తగులుకుంటుంది. నేను తగిలించి చూశాను. బాగున్న చేతులకూ వణికిన చేతులకూ మధ్య ఆయన ఉంచిన సంబంధం అదొక్కటే. పెద్దగారు దాన్నే తెంపి కార్టన్‌లో పెట్టారు.

ఈ వాదనంతా కూర్చుకుని మామ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆమె మిగిలిపోయిన మాత్రలను డబ్బాలోంచి ఏరుతున్నారు. ఏరుతూనే అంతా విన్నారు.

"నువ్వన్నది నిజమేనమ్మా. కానీ చెయ్యి వణుకుతాదని ఆయన పెళ్లిళ్లలో భోజనానికి కూర్చోడం మానేసేరు. జనం చూస్తారని. ఇప్పుడా వణుకే టేబుల్ మీద పెట్టి చూపించమంటావేటి?"

మామ్మగారు మాత్రల డబ్బా మూత పెట్టారు. పక్కనే ఉన్న కార్టన్‌ను కాలితో నా వైపు జరిపారు.

"నీ కాడ ఉంచు. మనమై చూపించొద్దు. ఎవరైనా అడిగితే అప్పుడు తియ్యి. అడిగినోళ్లకి చూపిస్తే ఆయనేం అనుకోరు."

ఆమె షరతు అది. నేను దానికి కట్టుబడతాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను ఉపన్యాసం సాధన చేసి "ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగినప్పుడల్లా ఆయన ఒకే మాట అనేవారు. గొంతు పెంచి, చేతులు ఊపి, నిరూపణలు లేకుండా నేను ముగించిన ప్రతిసారీ అదే మాట. నాకు బహుమతి వచ్చిన రోజున కూడా అదే. "ఇంజన్ బాగుందమ్మా వకీలూ. వెనక పెట్టెలేవి?"

ఇది చదువుతున్నవారిలో చాలామంది ఆదివారం సభకు వస్తారు. కొందరు హోప్ టౌన్ నుంచి బోటు ఎక్కి వస్తారు. ఆయన దగ్గర లెక్కలు నేర్చినవాళ్లు, చుక్కాని లేకుండా రైలు ఎలా తిరుగుతుందో ఆయన బల్ల దగ్గర చూసినవాళ్లు మీరు. బల్ల మీద ఇంజన్ నిగనిగలాడుతుంది, దాని వెనక బోగీలూ అందంగానే ఉంటాయి. వాటిని మెచ్చుకోండి. చివరి బోగీ వెనక ఏమీ తగిలించని కొక్కెం ఒకటి కనిపిస్తుంది. దాని దగ్గర ఒక్క క్షణం ఆగండి. నేను మొదటి వరుసలో, కాళ్ల దగ్గర కార్టన్ పెట్టుకుని, రెండు చేతులూ తొడల కింద ఉంచుకుని కూర్చుని ఉంటాను. మీరు అడిగేదాకా కదలను. జాలిపడి అడగకండి. లెక్క తేలలేదని గట్టిగా, సభంతా వినేలా, మాస్టారు అడిగినట్టే అడగండి: వెనక పెట్టెలేవి?